గోడకు మొహం పెట్టిన కారు

ఫోన్ టింగుమంటే మనవాళ్లెవరో పలకరించారని ఇప్పటికీ ఆశపడి కళ్లద్దాలు వెతుక్కుంటాను. మొన్న అట్లాగే వెతుక్కుని చూస్తే, కారు ఇన్సూరెన్స్ గడువు ముగుస్తోందని, రెన్యువల్‌కు ఇంత కట్టమని మెసేజ్. నిరుటికంటే పెంచారు, నిరుడేమో అంతకుముందటేటి కంటే పెంచారు. ఏటేటా కారు పాతదవుతోందని దాని విలువను వాళ్లే తగ్గించి రాస్తారు, కట్టవలసింది మాత్రం వాళ్లే పెంచుతారు, ఇదెక్కడి న్యాయమో నా ఈడు వాళ్లెవరికైనా తెలిస్తే చెప్పండి, విని పెడతాను. ఒక్క గీత పడకుండా, ఎవరినీ గుద్దకుండా, కూరగాయలకూ పెళ్లిళ్లకూ తప్ప బయటికి తీయని కారు నాది. మా కోడలు నాలుగు కంపెనీల ధరలు పక్కపక్కన పెట్టి చూపించి, మనకు అక్కరలేనివి తీసేస్తే కొంత తగ్గుతుందని నచ్చజెప్పింది. నేను వినకుండా, ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని అడిగితే తప్ప కట్టనని పంతం పట్టి, ఏజెంటు చుట్టూ తిరుగుతూ బేరమాడుతూ ఉండగానే గడువు కాస్తా దాటిపోయింది.

గడువు దాటిన పొద్దున నేను చేసిన మొదటి పని, కారును ముందుకూ వెనక్కూ తిప్పి తిప్పి, ముక్కు ప్రహరీకి ఆనుతుందేమో అన్నంత దగ్గరగా, గోడకు మొహం పెట్టి నిలబెట్టడం. తాళంచెవి తలుపు వెనక మేకుకు తగిలించాను. మా కోడలికి ఇది ముసలితనపు చాదస్తంగా కనిపించింది, అనలేదు గానీ నవ్వింది.

ఆ సాయంత్రమే పక్కింటి అబ్బాయి వచ్చాడు. వాళ్లమ్మను ఎల్లుండి హైదరాబాదు దవాఖానకు తీసుకుపోవాలట, గుండెకు ఏవో పరీక్షలు, బస్సులో కూర్చోలేదు, కారు ఇస్తారా అని అడిగాడు. మంచి పిల్లవాడు, మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు అతనే వస్తాడు. ఇన్సూరెన్స్ అయిపోయింది నాయనా, ఇయ్యలేను అన్నాను. అతను వాకిట్లో నిలబడ్డ కారును చూశాడు, నన్ను చూశాడు.

"ఒక్క రోజుకేమైతది అంకుల్," అన్నాడు మెల్లగా.

నేను ఇయ్యలేదు. అతను వెళ్లిపోయాడు, పిసినారి ముసలివాడు సాకు చెప్పాడనుకున్నాడని నాకు తెలుస్తూనే ఉంది, తల కొట్టేసినట్టయింది. కానీ ఒక్క రోజుకు ఏమవుతుందో నాకు తెలుసు. అది తెలిసిన రోజును ఇన్నేళ్లయినా మరిచిపోలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మా పెద్దబాపు, అంటే మా నాయిన అన్న, చింతమడక దగ్గర పొలం చేసుకుంటూనే ఒక తెల్ల అంబాసిడర్ కొని సిద్దిపేట కార్ల అడ్డాలో కిరాయికి పెట్టాడు. చదువు అబ్బక తిరుగుతున్న నన్ను దానికి డ్రైవర్ చేశాడు. అదే నా మొదటి కొలువు. అడ్డా అంటే పెద్ద జాగేమీ కాదు, ఒక గోదాము గోడ వెంట కార్లు వరుసగా నిలబడేవి, ఎదురుగా చాయ్ హోటలు. ఆ హోటలు గల్లా పక్కన చెక్కకు మేకులు కొట్టి ఉండేవి, అందరి తాళంచెవులూ అక్కడే వేలాడేవి. కిరాయి వచ్చినప్పుడు వరసలో ముందున్న బండి డ్రైవరు తిండికి పోయాడనో నిద్రపోతున్నాడనో కిరాయి వదులుకునేవాళ్లం కాదు. అక్కడున్నవాడు తాళంచెవి తీసుకుని పోయేవాడు, సాయంత్రం పైసలు ఎవరివి వాళ్లకు చేరేవి. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు, సొంత తమ్ముడికి స్కూటర్ ఇవ్వడానికి ఆలోచించే కాలం ఇది.

ఈ పద్ధతికి ఒకటే షరతు. కాగితాల గడువు తీరిన బండి గోడకు మొహం పెట్టి నిలబడాలి, దాన్ని ఎవరూ ముట్టకూడదు. మళ్లీ ఇన్సూరెన్స్ కట్టేదాకా దాని డ్రైవరుకు మిగతావాళ్లు తమ బండ్లమీద తలా ఒక కిరాయి ఇచ్చేవారు, కాబట్టి పస్తులుండే పని లేదు. నేను రాకముందు అడ్డాలో ఒకాయన కాగితాలు లేని బండితో సైకిలు మనిషిని గుద్ది, ఆ కుటుంబానికి ఇచ్చుకోవడానికి ఉన్న పొలమంతా అమ్మి, పెళ్లాం పిల్లలతో బొంబాయి పోయాడట. ఆ తరువాతే అందరూ కూడబలుక్కుని ఈ కట్టుబాటు పెట్టుకున్నారు. రోడ్డుకు మొహం ఉన్న బండి అంటే నిర్భయంగా తీసుకుపోవచ్చునని అర్థం. ఎవరూ కాగితాలు విప్పి చూసేవారు కాదు.

ఆ యేడు రేటు బాగా పెంచారు. పెద్దబాపు మండిపడ్డాడు, ఎవరినీ గుద్దని బండికి ఎందుకు పెంచుతారని ఏజెంటుతో కొట్లాడి, తగ్గిస్తే కడతా లేకపోతే లేదని వచ్చేశాడు. గడువు దాటింది. బండి గోడకు మళ్లింది, నేను ఇతరుల బండ్లు తోలుకుంటున్నాను. నాకేమీ నామోషీ లేదు, పెద్దబాపుకే ఉండేది. ఊళ్లో పటేల్ అని పిలిపించుకునే మనిషి, అడ్డా ముందు నుంచి పోయేటప్పుడు తన బండి వీపు చూడలేక తల తిప్పుకుని పోయేవాడు.

అంగడి రోజు ఆయన వియ్యంకుడు మద్దూరు నుంచి సిద్దిపేటకు వస్తున్నాడని కబురొచ్చింది. కొత్త వియ్యం, ఇంకా మర్యాదలు నడుస్తున్న రోజులు. నేను ఇంకొకరి బండి మీద కిరాయికి పోయి ఉన్నాను. పెద్దబాపు అడ్డాకు వచ్చి, ఎవరికీ చెప్పకుండా బండిని రోడ్డుకు తిప్పి, తుడిచి, తాళంచెవి మామూలుగా మేకుకు తగిలించి, వియ్యంకుణ్ణి తీసుకురావడానికి బస్టాండుకు నడిచిపోయాడు. గంటసేపు వియ్యంకుడి కళ్లకు బండి మొహం కనబడాలి, అంతే, తరువాత మళ్లీ తిప్పేద్దామనుకున్నాడు.

నేను తిరిగి వచ్చేసరికి గోడ దగ్గర మా బండి లేదు. పెద్దబాపు వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని ఆ ఖాళీ జాగ ముందు నిలబడి ఉన్నాడు, మొహంలో నెత్తుటి చుక్క లేదు. హోటలాయన చెప్పాడు, దవాఖాన నుంచి ఒక బాలింతను, పసిగుడ్డును గజ్వేల్ తీసుకుపోవాలని వాళ్ల మనుషులు వస్తే, మా అడ్డాలో అందరికంటే పెద్దవాడైన చాచా మా బండి తీసుకుని వెళ్లాడని. చాచాకు నలుగురు ఆడపిల్లలు, సొంత బండి లేదు, అందరి బండ్లూ ఆయనే తోలేవాడు, నాకు స్టీరింగు పట్టడం నేర్పిందీ ఆయనే. ఫోన్లు లేవు, ఆపమని చెప్పే దారి లేదు. ఎదురుగా కదులుతున్న గజ్వేల్ బస్సు వెంట ఉరికి ఎక్కాను.

ఆ దారి మీలో చాలామందికి తెలిసిందే, సిద్దిపేట దాటితే పొలాలూ బోడి గుట్టలూ, ఇప్పటంత వెడల్పు లేదు అప్పుడు. ప్రతి మలుపు దగ్గరా నా కళ్లు రోడ్డు అంచులు వెతికేవి. ఎదురుగా తెల్లగా ఏది వచ్చినా ప్రాణం లేచి వచ్చేది, దగ్గరికొస్తే వేరే బండి. కండక్టరు రెండుసార్లు అడిగితే గానీ టికెట్ తీసుకోవాలన్న తెలివి రాలేదు. బొంబాయి పోయిన ఆ డ్రైవరును నేను ఎన్నడూ చూడలేదు గానీ ఆయన మొహం చాచా మొహంలా కనబడటం మొదలైంది. సగం దారి దాటాక బస్సు ఆగిపోయింది. ముందు రోడ్డు నిండా గొర్రెలు, గొర్రెల నడుమ జనం, జనం నడుమ మా బండి, ముందు చక్రం ఒకటి మట్టిలోకి దిగి ఉంది.

దిగి తోసుకుంటూ పోయాను. గొర్రెలు కాసే పెద్దాయన ఒకడు కింద కూర్చుని మోకాలు పట్టుకుని మూలుగుతున్నాడు. ఆయన మనుషులు కర్రలతో చాచాను చుట్టుముట్టారు. బండి తగిలిందని కొందరు, గొర్రెపిల్ల కోసం ఉరికి తనే పడ్డాడని కొందరు. చాచా ఏమాత్రం బెదరకుండా, రెండు చేతులూ ఎత్తి అందరికీ నచ్చజెపుతున్నాడు.

"తగిలిందో తగల్లేదో తర్వాత సూద్దాం. బండికి ఇన్సూరెన్స్ ఉన్నది, ఏమన్న అయితే వాళ్లిస్తరు, నేనెక్కడికి పారిపోను. ముందుగాల దవాఖానకు పోదాం."

ఆ మాటతో కర్రలు దిగాయి. దగ్గరికి పోయి చెవిలో చెప్పాను, చాచా, కాగితాలు లేవు, పెద్దబాపు ఊరికే తిప్పి పెట్టిండు అని. ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. కోపం లేదు అందులో. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనప్పుడు మనిషి ఎట్లా చూస్తాడో అట్లా చూశాడు. తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. బస్సు ఇంకా అక్కడే ఆగి ఉంది. బాలింతను, బిడ్డను, వెంట ఉన్నవాళ్లను అందులోకి ఎక్కించాడు, పెద్దాయనను తనే ఎత్తుకుని ఎక్కించాడు, ఇచ్చిన మాట తప్పకుండా తనూ గజ్వేల్ దవాఖానకు పోయాడు.

గొర్రెల కాపరులు నాకు సాయం పట్టారు, బండిని మట్టిలో నుంచి నెట్టాం. అక్కడ గోడ ఏదీ లేదు. నాకు ఏం తోచిందో ఏమో, పొలం గట్టుకు మొహం పెట్టి నిలబెట్టించాను. దాని పక్కనే కూర్చున్నాను. మోకాలు విరిగిందంటే పోలీసు కేసు, చాచా జైలు, పెద్దబాపు పొలం అమ్మకం. ఆ పెద్దాయనకు జీవితాంతం కుంటి కాలు. గజ్వేల్ వైపు నుంచి బస్సు వచ్చినప్పుడల్లా లేచి నిలబడటం, ఆగకుండా పోతే మళ్లీ కూలబడటం. పొద్దు వాలేదాకా అదే పని. దేవుళ్లందరికీ మొక్కాను, చాచా దేవుడికి కూడా.

చివరికి ఒక బస్సు ఆగింది. చాచా దిగాడు, వెనకాల కుంటుతూ ఆ పెద్దాయన కూడా దిగాడు. ఎముక విరగలేదు, బెణికింది, కట్టు కట్టి పంపారు. బండి తనకు తగలనే లేదని, గొర్రెపిల్లను పట్టుకోబోయి జారి పడ్డానని దవాఖానలో ఆయనే చెప్పాడట. నాకు దుఃఖం ఆగలేదు, సిగ్గు లేకుండా ఏడ్చాను. చాచా నా భుజం మీద చెయ్యి వేశాడు. తరువాత ఒక్క మాట అన్నాడు.

"మొహం రోడ్డుకుండె గదా బేటా. నేను మొహం సూసి తీస్కపోయిన."

బండికి తమవాళ్లు కావలి ఉంటారని కాపరులు చెబితే ఇద్దరం బస్సులో ఇల్లు చేరాం. తెల్లవారి పెద్దబాపు పాలిచ్చే బర్రెను అంగడివాళ్లకు అమ్మి, పెంచిన రేటు మాట్లాడకుండా కట్టి, కాగితం జేబులో పెట్టుకుని చాచా ఇంటికి పోయాడు. ఎవరి ముందూ తల వంచని మనిషి, ఆ వాకిట్లో తల వంచుకుని నిలబడ్డాడు. ముగ్గురం బస్సులో ఆ పొలం దాకా పోయాం. పెద్దబాపు కాగితం తీసి ముందుకు చాపితే చాచా దాన్ని చూడలేదు. తాళంచెవి చాచా చేతిలో పెట్టి పెద్దబాపు అన్నాడు, "నువ్వే తిప్పు భాయ్. నేను తిప్పితే ఎవ్వలు నమ్మరు." చాచా తిప్పాడు.

ఆ అడ్డా ఇప్పుడు లేదు, గోదాము గోడ ఉన్నచోట బట్టల దుకాణాలు వచ్చాయి. పెద్దబాపు పోయాడు, చాచా కూడా పోయి కొన్నేళ్లయింది. నేనేమో పెద్దబాపు లాగే పెంచిన ధర మీద పంతం పట్టాను, బర్రె మాత్రం లేదు. పక్కింటి అబ్బాయి అట్లా వెళ్లిపోయాక నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారగానే కోడలిని కూర్చోబెట్టి అక్కరలేనివన్నీ తీసేయించాను, గడువు దాటింది కాబట్టి ఏజెంటు వచ్చి కారుకు నాలుగు పక్కలా ఫోటోలు తీసుకున్నాడు, అడిగింది కట్టాను. పండుగకు కొనుక్కుందామనుకున్న బట్టలు మానుకుంటే సరిపోయింది. పాలసీ వచ్చిందని కోడలు ఫోన్ చూపించాక, వాకిట్లోకి పోయి కారును రోడ్డుకు తిప్పాను. తాళంచెవి తీసుకుని పక్కింటికి నడిచాను.

ఆ అబ్బాయి గేటు దగ్గరే ఉన్నాడు. రేపటికి ఫోన్లో కారు బుక్ చేసుకున్నానని, పర్వాలేదు అంకుల్ అని మర్యాదగానే చెప్పాడు. నేను తాళంచెవి పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. అతను నా భుజం మీదుగా మా వాకిలి చూసి, నన్ను సంతోషపెట్టాలనేమో నవ్వాడు.

"ఇప్పుడు మంచిగ పెట్టిన్రు అంకుల్, బయటికి తీసుడు ఈజీ."

అవును నాయనా అన్నాను. ఒకప్పుడు చాచా తన నలుగురు ఆడపిల్లల బతుకును మా బండి మొహం చూసి దాని చేతిలో పెట్టాడు. ఇవాళ నా కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఎక్కడో ఉన్న కంప్యూటరుకు క్షణంలో తెలుస్తుంది, గోడ అవతలి మనిషికి నా కారు రోడ్డుకు ఎందుకు తిరిగిందో చెప్పినా తెలియదు. ఇంటికొచ్చి తాళంచెవి మళ్లీ మేకుకు తగిలించాను. దాన్ని తీసుకోవడానికి ఎవరూ రారని తెలిసినా, మేకు మాత్రం పీకలేదు.