రాణీమహల్లో నా గొంతు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే సభలోనే లేచి రుజువు అడిగేవాణ్ణి నేను. జనం భయపడి వదిలేసిన ఇళ్లలో చాప వేసుకుని పడుకుని చూపించాను. రాసిన వ్యాసాల్లో ఒక్క మాట కూడా ఇప్పుడు వెనక్కి తీసుకోను. జరిగింది మాత్రం చెబుతాను.

నా స్నేహితుడు మునిరత్నం తిరుపతిలో రిటైరైన లెక్కల మాస్టారు. భార్య పోయిన నాలుగు నెలలకు, ఆమె వంటింట్లోంచి పిలుస్తోందని ఇల్లు వదిలేసి లాడ్జిలో పడుకోవడం మొదలుపెట్టాడు. మనిషి చిక్కి సగమయ్యాడు. గోడలు శబ్దంతో ఎలా ఆడుకుంటాయో వినిపిస్తే తిరిగి ఇంటికి వెళతాడని నా ఆశ. అందుకే ఒక ఆదివారం చంద్రగిరి కోటకు బయల్దేరదీశాను. ఏర్పేడులో సేద్యం చేసుకునే మా ఇంకో స్నేహితుడు గోవిందరెడ్డి కారు తెచ్చాడు.

రాజమహల్ చూసి, తెచ్చుకున్న పులిహోర తిని, మధ్యాహ్నం రెండింటికి పక్కనున్న రాణీమహల్ కమానుల కిందికి వెళ్లాం. బయట ఎండ మండిపోతోంది. లోపల మేం ముగ్గురమే.

నేను చెప్పగానే రెడ్డి "ఓయ్!" అని అరిచాడు. అవతలి గోడ నుంచి "ఓయ్" అని తిరిగొచ్చింది.

"మా ఇంటామె కన్నా తొందరగా పలుకుతా ఉండాదప్పా ఈ గోడ!" అని నవ్వాడు.

మునిరత్నం గోడకేసి తిరిగి "సరోజా!" అని భార్యను పిలిచాడు. "సరోజా" అని వచ్చింది. నెలల తర్వాత అతని ముఖం కాస్త తేటపడింది.

"విన్నావా? పలికేది రాయి" అని, నేనూ అదే చోట నిలబడి అరిచాను. మైకు లేకుండా సభలు నడిపిన గొంతు నాది.

ఏమీ రాలేదు.

మళ్లీ అరిచాను. రాలేదు. రెడ్డిని అక్కడే నిలబెట్టాను. అతని గొంతు వచ్చింది. చప్పట్లు కొట్టి చూశాం. అతనివి పలికాయి, నావి పలకలేదు. ఆరుసార్లు మార్చి మార్చి చూసేసరికి నా చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"యాడికి పోతా ఉండాదప్పా నీ గొంతు?" అన్నాడు రెడ్డి. ఈసారి నవ్వలేదు.

మునిరత్నం నా మణికట్టు పట్టుకున్నాడు. వేళ్లు నాడి కోసం వెతుకుతున్నాయి. "రాబ్బా, పోదాం. ఈడ వద్దు" అన్నాడు.

ఆ సాయంత్రం అతను లాడ్జికి కాదు, ఇంటికే వెళ్లాడు. "నేను పిలిస్తే గోడన్నా పలికినాది. ఇంక భయం లేదు" అన్నాడు. ఇప్పటికీ అక్కడే ఉంటున్నాడు.

నేను డాక్టరుకు చూపించుకున్నాను. గొంతులో లోపం లేదన్నాడు. గాలి, వేడి, నిలబడిన చోటు, అన్నీ ఆలోచించాను. అవి ముగ్గురికీ ఒకటే. మళ్లీ వెళ్లి పరీక్షించాలి. ఇంకొకరికైతే అదే చెప్పేవాణ్ణి. ఏడాదైంది, వెళ్లలేదు.

బయట నుంచి వచ్చినప్పుడల్లా గడప ముందు ఆగి నా భార్యను పిలుస్తాను. ఆమె పలికేదాకా లోపలికి అడుగు పెట్టలేను.