ఘాటు అంటిన చేతులు

సిద్దికా చేతులు ఊరికే ఉండవని దర్శి పక్కన వాళ్ల ఊళ్లో అందరికీ తెలుసు. పత్తి తీయడంలో గానీ, మిరపకాయల తొడిమలు తుంచడంలో గానీ ఆమెతో పోటీపడి గెలిచినవాళ్లు లేరు. అలాంటి మనిషి గుంటూరులో పిల్లల ఆసుపత్రిలో, అద్దాల పెట్టె పక్కన చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన కూతురు ఆ పెట్టెలో ఉంది. పాలు అరిగించుకునే శక్తి ఇంకా రాలేదు.

ఆ పసిదానికి తిండి పోయేది నరం గుండానే. మొదట బొడ్డు నరంలోంచి గొట్టం వేద్దామని చూస్తే అది మధ్యలోనే అడ్డం తిరిగింది. కాలి నరంలో వేస్తే కాలు వాచింది. చివరికి డాక్టర్ నతానియేలు గారు మోచేతి మడత దగ్గర సన్నటి సూది గుచ్చి, అందులోంచి దారప్పోగంత గొట్టాన్ని చిన్న పట్టకారుతో కొద్దికొద్దిగా గుండె దగ్గరిదాకా నెట్టారు. ఎక్స్‌రే చూశాక గానీ ఆయన ఊపిరి పీల్చుకోలేదు.

"ఇదొక్కటే మిగిలిందమ్మా. జాగ్రత్త" అన్నారు.

సిస్టర్ని పిలవకుండా ఆ చెయ్యి ముట్టుకున్నవాళ్లను బయటే కూర్చోబెడతానని నర్సు మహిమ ముందే చెప్పింది.

ఆదివారం బట్టల కోసం సిద్దికా ఇంటికెళ్లేసరికి మబ్బు కమ్మింది. కల్లంలో ఏడాది కష్టమంతా ఎర్రగా ఆరబోసి ఉంది. మబ్బు పడితే మిరప కల్లంలో బాలింతా లేదు, ముసలీ లేదు. మొగుడు గౌస్ బాషా వద్దని అరుస్తున్నా, అతని పొడుగు చేతుల చొక్కానే తొడుక్కుని కాయలు కుప్పకు ఎగదోసింది. పట్టా కప్పాక వాన రానేలేదు, పాడు వాన! అరచేతులు మాత్రం భగభగ మండాయి.

మర్నాడు ఆసుపత్రిలో సబ్బుతో తోమితోమి కడుక్కుంది. సబ్బుకు పోతే అది మిరప ఘాటెలా అవుతుంది? బిడ్డ నిద్రలో చెయ్యి విదిలించింది. గొట్టం ఊడుతుందేమోనని తల్లి ఆ చేతిని గబుక్కున పట్టుకుంది.

కాసేపటికి గొట్టం మీద వేసిన పట్టీ పక్కన చర్మం ఎర్రగా కందింది. మహిమ డాక్టర్ని పిలిచింది.

"ఇన్‌ఫెక్షన్ మొదలైనట్టుంది. తీసేయాలి."

"మళ్లీ ఎక్కడ వేస్తాం సార్?"

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లారు.

సిద్దికా దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుంది. చెబితే తనను లోపలికి రానివ్వరు. చెప్పకపోతే బిడ్డకున్న ఒక్క దారీ పోతుంది. డాక్టర్ గ్లౌజులు తొడుక్కుని వచ్చి పట్టీ అంచు పట్టుకున్నారు.

"ఆగండి సార్! నేనే ముట్టుకున్నానండీ. నిన్న మా ఆయన పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని కల్లంలో మిరపకాయలెత్తాను. చూడండి, ఇంకా మంటే!"

అరచేతులు కందిపోయి ఉన్నాయి. డాక్టర్ వాటిని చూశారు, బిడ్డ చేతిని చూశారు. పట్టీ వదిలేశారు.

"రక్తం పరీక్షకు పంపండి సిస్టర్. ఎరుపు చుట్టూ పెన్నుతో గీత గీయండి. సాయంత్రందాకా చూద్దాం. గీత దాటిందా, తీసేస్తాను."

సిద్దికాను బయట కూర్చోబెట్టారు. అద్దంలోంచి ఆ గీత కనిపించేంత దగ్గర కాదు. ఎవరు పెట్టె దగ్గరికి నడిచినా ఆమె లేచి నిలబడింది. అల్లాను తలుచుకుంది, తన చేతుల్ని తిట్టుకుంది, ఆ మబ్బునూ తిట్టింది.

పొద్దు వాలాక మహిమ తలుపు తీసింది.

"ఎరుపు తగ్గిందమ్మా. పరీక్షలోనూ ఏమీ లేదు. గొట్టం ఉంచేశారు. లోపలికి రా."

సిద్దికా బావురుమంది. "వద్దు సిస్టరమ్మా. ఈ పాడు చేతులతో ఇంక దాన్ని ముట్టుకోను."

"ఆ చేతులతో ఎవరు ముట్టుకోమన్నారు? చొక్కా కిందున్న మోచేతికి ఘాటు అంటలేదుగా. ఇటివ్వు."

మహిమ ఆమె అరచేతికి గ్లౌజు తొడిగింది, మోచేతి మడత శుభ్రంగా తుడిచింది, పెట్టె తలుపు తీసి లోపల పెట్టించింది. బిడ్డ అరికాలు ఆ మడతకు తగిలి, తన్ని, అక్కడే ఆగింది.

చెయ్యి తిమ్మిరెక్కినా సిద్దికా కదపలేదు.