ఎర్రతీగకు ఒక ముడి

కరెంటు మేస్త్రి పని మానేసి మూడేళ్లు దాటింది. ఎందుకు మానేశారని ఎవరైనా అడిగితే మోకాళ్లు చూపించేవాడు. ఆ మోకాళ్లు మాత్రం రోజూ పొద్దున్నే నాలుగు వీధులు తిరిగి, టీ కొట్టు దగ్గర గంటసేపు నిలబడి, మళ్లీ రెండంతస్తుల మెట్లెక్కి ఇంటికొచ్చేవి. దాచడం వేరు, అబద్ధమాడటం వేరు. దాచడంలో మేస్త్రి దిట్ట. అబద్ధమే ఆయనకు చేతకాదు. కాకపోతే పట్టుకోవాలన్న పట్టుదల ఎవరికీ లేకపోయింది. పెళ్లాం పోయిన మనిషి, పోనీలే అని ఊరుకున్నారు.

ఊరుకోనిది ఒక్క టైలరమ్మే. రెండు వీధుల అవతల ఉండే గుమాస్తాగారి కోడలామె. ఆ రోజు పొద్దున ఎనిమిది కాకుండానే వచ్చి తలుపు బాదింది. కుడి మోచేయి వాచి ఎర్రగా కందిపోయి ఉంది. ఆ ఎరుపు మేస్త్రికి కనబడలేదు గానీ, వాపు కనబడింది.

"బాబాయిగారూ, మీరు రానంటే ఈ గుమ్మంలోనే కూర్చుంటాను," అంది.

"ముందు ఏం జరిగిందో చెప్పమ్మా."

"మొన్న వెనక గదిలో బల్బు పోయింది. మారుద్దామని స్టూలెక్కాను. స్విచ్చి ఆపే ఎక్కానండీ, ఒట్టు. చెయ్యి ఇలా పెట్టానో లేదో ఈడ్చి కొట్టింది. స్టూలొక పక్క, నేనొక పక్క."

మేస్త్రి ఆమె మోచేయి వంక మళ్లీ చూశాడు. స్విచ్చి ఆపాక హోల్డరులో కరెంటు ఎందుకుంటుంది? ఆ ఇంటి వైరింగు చేసింది తనే. ముప్పై రెండేళ్ల కింద, గోడలకు ఇంకా సున్నమైనా వేయకముందు.

"ఎవరికీ చూపించలేదా?"

"ముగ్గురొచ్చారు. ఒకాయన గోడలన్నీ పగలగొట్టాలన్నాడు. ఇంకొకాయన ఫోనులో ఫొటోలు తీసుకుని వెళ్లాడు, ఇప్పటికి జాడ లేదు. మూడో ఆయనే కాస్త నయం. పైపులు ఎటు పోయాయో వేసిన మనిషికే తెలియాలి, ఆయన్నే పట్టుకోండి అన్నాడు. ఎల్లుండికి బడిపిల్లల బట్టలు అరవై జతలు ఇవ్వాలి. మోటారు మిషను ఆ గదిలోనే, ఇస్త్రీ పెట్టె ఆ గదిలోనే. పైగా మా పిల్లది పుస్తకాలు తెచ్చుకుని అక్కడే చదువుకుంటుంది. నాకు భయంగా ఉంది బాబాయిగారూ."

"మోకాళ్లమ్మా..." అన్నాడు మేస్త్రి.

"నిన్న బస్సు వెనక పరిగెత్తారుగా. ఎక్కారు కూడా. నేను చూశాను."

మేస్త్రికి రానని చెప్పడానికి ఉన్న ఒక్క సాకూ పోయింది. పోనీ నిజం చెప్పేద్దామంటే, ఆ నిజం నలభై ఏళ్లుగా ఆయనా, ఆయన భార్యా తప్ప మూడో మనిషికి తెలియనిది.

ఆ నిజమేమిటంటే, కరెంటు మేస్త్రికి రంగులు తెలియవు. ఎరుపూ నలుపూ ఆయన కంటికి ఒకే చీకటి. పచ్చ కాస్త తేటపడిన బురద. ఎర్రతీగలో కరెంటు వస్తుంది, నల్లతీగలో తిరిగి వెళుతుంది, పచ్చతీగ భూమికి. ఈ మూడింటి తేడా తెలియని మనిషి కరెంటు పని చేస్తున్నాడంటే ఎవరైనా ఇంట్లోకి రానిస్తారా?

టెస్టర్ ఉందిగా అనొచ్చు. ఉంది. కరెంటు నడుస్తున్న తీగ సంగతి టెస్టర్ చెబుతుంది. ఇంకా కరెంటే రాని కొత్త ఇంట్లో, ఒకే గొట్టంలోంచి ఆరు తీగలు ఈ చివర దూరి ఆ చివర బయటికొచ్చినప్పుడు ఏది ఏదో టెస్టర్ చెప్పలేదు. కుర్రతనంలో ఆయన ఒక బ్యాటరీ, చిన్న బల్బు జేబులో వేసుకుని, ఒక్కో తీగనూ ఈ చివరా ఆ చివరా చూసుకుంటూ పని చేసేవాడు. పక్కవాళ్లు మూడు గదులు ముగించేసరికి ఈయన మొదటి గదిలోనే ఉండేవాడు. నత్త అని పేరు పెట్టారు కూడా.

పెళ్లయిన వారానికి దొరికిపోయాడు. ఎర్ర రిబ్బను తెమ్మంటే నల్లది తెచ్చాడు. ఆవిడ నవ్వింది. మార్చుకొస్తానని వెళ్లి మళ్లీ నల్లదే తెచ్చాడు. ఈసారి ఆవిడ నవ్వలేదు. కుట్టుపెట్టె తెరిచి దారపు ఉండలన్నీ చాప మీద పరిచి, ఇదేమిటి, ఇదేమిటి అని ఒక్కొక్కటే అడిగింది. ఆయన తప్పుతూ పోయాడు. చివరి ఉండ దాకా అడిగి, అన్నీ పెట్టెలో సర్దేసి, "మరి పనెలా చేస్తున్నారండీ ఇన్నాళ్లూ?" అంది. ఆ గొంతులో వెక్కిరింత లేదు. అందుకే ఆయనకు ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచి పద్ధతి మారింది. ఆయన కొత్త ఇంటిని అడుగులతో కొలుచుకుని వచ్చి, సాయంత్రం ఇంట్లోనే తీగలు కోసి గదికొక చుట్ట చుట్టేవాడు. ఆవిడ తెల్లదారానికి మైనం రుద్ది ప్రతి తీగకూ రెండు చివరలా ముడులు వేసేది. ఎర్రతీగకు ఒక ముడి. నల్లతీగకు రెండు. పచ్చదానికి ఏమీ లేదు. పొద్దున్నే ఆయన బొటనవేలితో తడుముకుని చకచకా బిగించేసేవాడు. రెండేళ్లలో నత్త అన్న పేరు పోయి మేస్త్రి అన్న పేరు వచ్చింది. చేతికింద మనిషిని మాత్రం ఎన్నడూ పెట్టుకోలేదు. పని నేర్పడానికి మనసొప్పని పిసినారి అని తిట్టినవాళ్లున్నారు. తిట్టించుకున్నాడు.

ఆవిడ పోయాక ముడులు లేవు. ముడులు లేకపోతే మేస్త్రీ లేడు. మోకాళ్ల కథ అలా పుట్టింది.

"పద," అన్నాడు చివరికి. పిల్ల ఆ గదిలో చదువుకుంటుందన్న మాట ఆయన్ని కూర్చోనివ్వలేదు. మంచం కింద నుంచి సంచీ లాగాడు. టెస్టర్, కటింగు ప్లేరు, స్క్రూడ్రైవర్లు, వాటి అడుగున సగం అరిగిన మైనపు ముద్ద. మైనం మీద దారం కోసిన గాట్లు ఇంకా అలాగే ఉన్నాయి.

గుమాస్తాగారి ఇంట్లో వెనక గది ఒకప్పుడు పాత సామాన్ల కొట్టు. ఇప్పుడు కిటికీ కింద కుట్టుమిషను, గోడవారగా ఇస్త్రీ బల్ల, తాడు మీద వరసగా సగం కుట్టిన చొక్కాలు. నేల నిండా దారపు ముక్కలు.

"మా అత్తగారు ఈ గది మంచిది కాదనేవారు. బల్బు మార్చినప్పుడల్లా ఎవరో ఒకరికి చురుక్కుమనేదట. గోడ చెమ్మ అనుకున్నారు," అంది టైలరమ్మ.

మేస్త్రి గోడకున్న చెక్క స్విచ్‌బోర్డు మరలు విప్పి, మూత మెల్లగా పక్కకు తీశాడు.

దుమ్ము, సాలెగూడు, వాటి వెనక తీగలు. తీగల మెడలకు ఆవిడ ముడులు. తెల్లదారం మట్టిరంగుకు తిరిగింది గానీ, మైనం పట్టి ముడి ఇంకా బిగువుగానే ఉంది. మేస్త్రి బొటనవేలు దానంతట అదే వెళ్లి వాటి మీద ఆగింది. మూడేళ్ల తర్వాత ఆవిడ చేతిని తాకినట్టయింది. దుమ్ము పడిందన్నట్టు కళ్లు తుడుచుకున్నాడు. కళ్లల్లో నిజంగానే దుమ్ము కూడా పడింది.

స్విచ్చికి బిగించిన తీగకు ఒక ముడి. బల్బుకు నేరుగా వెళ్లినదానికి రెండు. అంతా పద్ధతి ప్రకారమే ఉంది. టెస్టర్ పెట్టాడు. ఒక ముడి తీగ మీద వెలగలేదు. రెండు ముడుల తీగ మీద వెలిగింది.

మళ్లీ పెట్టాడు. మళ్లీ అంతే. అంటే స్విచ్చి ఆపితే ఆగేది తిరిగి వెళ్లే కరెంటు. వచ్చే కరెంటు వచ్చి హోల్డరులో కాచుకుని కూర్చుంటుంది, ముప్పై రెండేళ్లుగా. ముందు గదికి వెళ్లి మెయిన్ ఆపి, అక్కడి పెట్టె మూత తీశాడు. వెనక గదికి పోయే తీగలు రెండూ పట్టుకుని తడిమాడు. ఫ్యూజు దగ్గర ఒక ముడి. పక్కన రెండు ముడులు. ఇక్కడా పద్ధతి ప్రకారమే ఉంది.

టైలరమ్మ ఆయన భుజం మీంచి తొంగి చూస్తోంది. రోజంతా దారాలతో బతికే మనిషి, ఆమె కన్ను ముడుల మీదే పడింది.

"అదేంటి బాబాయిగారూ, ఇక్కడ ఎర్రతీగకు ఒక ముడి ఉంది. ఆ గదిలో నల్లదానికి కదా ఒక ముడి ఉంది?"

మేస్త్రి ఆమె వంక చూశాడు, చేతిలోని తీగల వంక చూశాడు. రెండు తీగలూ ఒకే చీకటి.

"సరిగ్గా చూశావా?"

"చూడ్డమేంటండీ, ఎదురుగా కనబడుతుంటే! మీకు..." అని ఆగిపోయింది.

ఇప్పుడొక మాట అనేస్తే సరిపోయేది. మధ్యలో ఎవరో వేలు పెట్టారమ్మా, అని. ఎవరు కాదంటారు? గుమాస్తాగారు లేరు, అత్తగారు లేరు. కానీ ఆ వాచిన మోచేయి ఆయన కళ్లెదుటే ఉంది. కుర్చీలో కూలబడ్డాడు.

"నాకు రంగులు కనబడవమ్మా. పుట్టుకతోనే. ఈ ముడులు మా ఆవిడ వేసింది."

రిబ్బను దగ్గర నుంచి మొత్తం చెప్పాడు. చెబుతూ ఉండగానే ఆ సాయంత్రం గుర్తొచ్చింది. ఈ ఇంటి తీగలు కట్టిన సాయంత్రమే. ఆవిడ వెనక గది చుట్ట ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"ఇన్ని ఇళ్లకు ముడులు వేశాను, ఒక్క ఇంట్లోనైనా దీపం వెలుగుతుంటే చూశానా? రేపు నన్ను కూడా తీసుకెళ్లండి."

"నువ్వొస్తే ఎందుకొచ్చావని అడుగుతారు. ఏం చెప్పమంటావు?"

"మీ పనిలో సగం నాదని చెప్పండి."

"చెబితే రేపటి నుంచి పిలిచేవాడుంటాడా?" అని ఆయన గట్టిగానే అరిచాడు. ఆవిడ గోడవైపు తిరిగి కూర్చుని, ముక్కు ఎగబీలుస్తూ మిగిలిన ముడులు వేసింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆయనా మళ్లీ ఎప్పుడూ రమ్మనలేదు.

"ఆ ఏడుపులో ఒక చివర తారుమారైంది తల్లీ," అన్నాడు మేస్త్రి. "కరెంటు వచ్చాక టెస్టర్ పెట్టి చూడాల్సింది నేను. బల్బు వెలిగింది కదా అని చూడలేదు. ఆవిడ ముడి తప్పదని నా ధీమా. తప్పు నాది. నీ మోచేతికి నన్ను తిట్టు, ఆవిణ్ణి ఏమీ అనకు."

టైలరమ్మ తిట్టలేదు. మంచినీళ్లు తెచ్చిచ్చి, "ఇప్పుడేం చేద్దాం చెప్పండి," అంది.

చేయాల్సింది చాలానే ఉంది. రెండు తీగలు అటూ ఇటూ మారిస్తే దీపం సంగతి తీరుతుంది గానీ, ఒక్క బల్బు కోసం వేసిన సన్నతీగ మోటారునూ ఇస్త్రీ పెట్టెనూ మోయలేదు. పాతది లాగేసి లావుతీగ వేయాలి. మిషనుకు వేరే ప్లగ్గు, దానికి భూమి తీగ. పైపు కిటికీ పైనుంచి వెళ్లి తలుపు పక్కన మలుపు తిరుగుతుందని మేస్త్రికి కంఠతా వచ్చు. గోడ పగలగొట్టే పని లేదు. టైలరమ్మ వెళ్లి ఆయన చెప్పిన తీగ మూడు చుట్టలు తెచ్చింది. ఆయన కొలిచి కోశాడు. అక్కడ ఆగిపోయాడు.

ఆమె అప్పటికే తెల్లదారం ఉండ తీసుకుని నేల మీద కూర్చుంది. మైనం కోసం చెయ్యి చాపింది.

"ఎర్రదానికి ఒకటి, నల్లదానికి రెండు, పచ్చదానికి లేదు. అంతేనా?"

"అంతే. రెండు చివరలా." మైనపు ముద్ద ఇస్తూ అన్నాడు, "కోపంలో ఉంటే మాత్రం ఇప్పుడే చెప్పు. కాసేపాగి కడుదువుగాని."

టైలరమ్మ పకపకా నవ్వింది. మేస్త్రి కూడా నవ్వాడు. ఇద్దరూ ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకున్నారు.

మధ్యాహ్నం మూడింటికి పని అయింది. మెయిన్ వేశాడు. ఈసారి ప్రతి తీగకూ, ప్రతి స్విచ్చికీ టెస్టర్ పెట్టి చూశాడు. మిషను గిర్రున తిరిగింది. పాతతీగల చివరలు ముడులతో సహా కోసి, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు టీ కొట్టు దగ్గర ఎప్పటి గుంపే. పోస్టుమాస్టరు పలకరించాడు.

"పనికి దిగావటగా మేస్త్రీ? మోకాళ్లు తగ్గాయా?"

"మోకాళ్లకేం, గుర్రంలా ఉన్నాను," అన్నాడు మేస్త్రి. గ్లాసు కింద పెట్టి, జేబులోంచి కాగితం తీసి బల్ల మీద విప్పాడు. "నాకు రంగులు తెలియవయ్యా. నలభై ఏళ్లూ మా ఆవిడ ఇలా దారం కడితే చేశాను. గుమాస్తాగారింట్లో ఒక్కచోట తప్పింది, అది కూడా నేను ఏడిపించిన రోజున. ఇంకెక్కడైనా అలా ఉందేమో, ఇంటింటికీ వచ్చి టెస్టర్ పెట్టి చూస్తాను. ఎవరూ కాదనకండి."

గుంపంతా బల్ల చుట్టూ చేరింది. టీ కొట్టువాడు కూడా గిన్నె పక్కన పెట్టి వచ్చి ఆ ముడుల మీదికి వంగాడు. పోస్టుమాస్టరు కళ్లజోడు సర్దుకున్నాడు.

"అయితే మా ఇంటి దీపాలూ ఆవిడవేనా?"

"ఆవిడవే."

"మరి మా మేడ మీదవి?" అన్నాడు పక్కనున్న కిరాణా కొట్టాయన.

"అవీ ఆవిడవే."

టీ కొట్టువాడు తల పైకెత్తి, తన నెత్తి మీద పట్టపగలే వెలుగుతున్న బల్బు వంక చూశాడు. మేస్త్రి అతను అడిగేదాకా ఆగలేదు.

"అది కూడా ఆవిడదే," అన్నాడు.