మా షడ్డకుడి బ్యాటరీ ట్రాక్టర్

మా షడ్డకుడు బ్యాటరీ ట్రాక్టర్ కొన్నాడని నాకు మొదట చెప్పింది నా భార్యే. చెల్లెలి మొగుడి సంగతి చెప్పేటప్పుడు ఆమె ముఖంలోకి ఒక కళ వస్తుంది. అది నాకు పడదు. "పొగ లేదట, చప్పుడు లేదట, చార్జింగ్ పెడితే నడుస్తదట" అంది. "అయితే గది ట్రాక్టర్ కాదు, మిక్సీ" అన్నాను. ఆ పూట అన్నం సహించలేదు.

మా మామకు ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దల్లుణ్ని నేను, పెర్కిట్‌లో ఉంటాను. చిన్నల్లుడు మెండోరలో ఉంటాడు. గల్ఫ్‌లో ఏదో గోదాములో, బ్యాటరీ బండి మీద సరుకు ఎత్తి దించే పని చేసి, తిరిగొచ్చి వ్యవసాయంలో పడ్డాడు. నాకు పాత డీజిల్ ట్రాక్టరుంది, పసుపు పాలిష్ పట్టే డ్రమ్ముంది. ఉడికించి ఎండబెట్టిన కొమ్ముల్ని ఆ డ్రమ్ములో పోసి, ట్రాక్టర్ వెనక షాఫ్టుకు తగిలించి తిప్పితే పైపొట్టంతా రాలిపోతుంది. ఏర్గట్లలో మామ పసుపుకు పాలిష్ పట్టేది నా పెళ్లయినప్పటి నుంచీ నేనే.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మొదటి డ్రమ్ము దించగానే మామ తన చేత్తో చాటెడు కొమ్ములు తీసి, డ్రమ్ము తిప్పినవాడి ఇంటికి పంపుతాడు. ఏడాది పొడుగునా ఆ ఇంట్లో దేవుడికైనా కూరకైనా ఆ పసుపే. చాట ఏటా మా ఇంటికే వచ్చేది. బజారులో దొరకని పసుపేం కాదు. అయినా అది వంటింటి గూట్లో ఉంటే నేను ఆ ఇంటికి పెద్దల్లుణ్నని నాకు రోజూ గుర్తుండేది.

మార్కెట్ యార్డు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో ఆ ట్రాక్టర్ మీద పెద్ద పంచాయితీయే నడిచింది. పసుపు తెచ్చిన రైతులంతా అక్కడే ఉంటారు. షడ్డకుడూ వచ్చి ఉంటే, నేను కావాలనే గొంతు పెంచి అడిగాను.

"డీజిల్ అయిపోతే డబ్బాల తెచ్చి పోస్తం. నడి చేన్ల నీ బ్యాటరీ దిగితే కరెంటు డబ్బాల తెస్తవా, తమ్మీ?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. అతనితో నాకున్న పెద్ద బాధ అదే, ఏమన్నా ఉడుక్కోడు.

"బోరు మోటరు కాడ కరెంటు ఉండనే ఉండె గదా అన్నా. దున్నేది గంట, నిలవడేది రెండు గంటలు. నిలవడ్డప్పుడు తింటది."

"వరి మడిల బురద దున్నాలె. పసుపు తవ్వేటప్పుడు నాగలి లోతు దిగాలె. ఆడ దమ్ము కావాలె."

"దమ్ము దీనికే ఎక్కువ. కాలు వెడ్తనే గుంజుతది."

"నువ్ నడిపింది నున్నటి గచ్చు మీద. గిది నల్లరేగడి."

ఇది బాగా తగిలిందనుకున్నాను. ఇద్దరు ముగ్గురు తలలూపారు కూడా. ఇంతలో పక్క బల్ల మీది ముసలి రైతొకాయన "రోజంత డీజిల్ మీద కూసుంటే నాకు రాత్రి దాక చెవుల్ల గుయ్యిమంటనే ఉంటది, గా బాధైతే తప్పుతది గద" అన్నాడు. చర్చ అటు తిరిగిపోయింది. నా రేగడిని ఎవరూ పట్టించుకోలేదు.

వారం తిరగకుండానే మామ దగ్గర్నుంచి ఫోన్. "ఈసారి చిన్నల్లుడు తన బండి జోడిస్తడట. నీ డ్రమ్ము పట్కరా అల్లుడూ. జూద్దాం." డ్రమ్ము నాది, తిప్పేది అతను. అంటే చాట మెండోరకు. ఫోన్ పెట్టేశాక నా భార్య ముఖం చూశాను. ఆమెకు అసలా లెక్కే తట్టలేదు. అందుకు కూడా నాకు కోపం వచ్చింది.

ఆ రోజు పొద్దున్నే నా ట్రాక్టర్‌తో డ్రమ్మును లాక్కెళ్లి మామ కల్లంలో దించాను. అతను తన బండి తెచ్చి తగిలించాడు. మీట నొక్కాడు. డ్రమ్ము తిరిగింది. అంతే. కొమ్ముల గలగల తప్ప ఇంకో చప్పుడు లేదు. చూడ్డానికి వచ్చిన ఊరివాళ్లు దాని చుట్టూ తిరిగారు. నా బండి కూడా అక్కడే ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు.

మామది చిన్న గొంతు. నా ఎరుకలో ఆయన ఎవరితోనూ ఎక్కువ మాట్లాడిన మనిషి కాదు. అలాంటివాడు ఆ రోజు మంచం లాక్కొచ్చి, దుమ్ము పడని వైపు వేసుకుని, చిన్నల్లుడి పక్కన కూర్చున్నాడు. గల్ఫ్‌లో ఎండలెట్లా ఉంటాయో అడిగాడు. తన చిన్నప్పుడు కొమ్ముల్ని గోనెసంచిలో వేసి ఇద్దరు చెరో కొస పట్టుకుని ఎట్లా రుద్దేవాళ్లో చెప్పాడు. అది నాకెన్నడూ చెప్పలేదు. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నేను గోనెసంచుల మీద కూర్చుని, వినబడనట్టు ముఖం పెట్టి అంతా విన్నాను.

పైగా చాయ్. మా మరదలు గ్లాసు పట్టుకుని డ్రమ్ము దగ్గరికి వచ్చింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. ఇన్నేళ్లలో నేను అదే చోట పొగలో, దుమ్ములో రోజంతా నిలబడితే డ్రమ్ము దగ్గరికి ఒక్క గ్లాసు చాయ్ తెచ్చిన పాపాన పోలేదు ఎవరూ. అడగడానికి నాకు నామోషీ. సంచుల దగ్గర నాకూ ఒక గ్లాసు ఇచ్చింది, కాదనను. కానీ అది చూడ్డానికి వచ్చినవాళ్లకు ఇచ్చే చాయ్.

మొదటి డ్రమ్ము దిగింది. మామ చాట నింపి చిన్న కూతురి చేతిలో పెట్టాడు. నా భార్య చెల్లెలి భుజం తట్టి నవ్వింది. నేను నా బండి టైర్లు చూసుకుంటూ నిలబడ్డాను. కళ్లలోకి దుమ్ము పోయిందని చెప్పినా నమ్మేవాళ్లే, కానీ ఎవరూ అడగలేదు.

అప్పటినుంచి నా కళ్లు అతని బండి మీటరు మీదే. అందులో బ్యాటరీ గీతలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే నాకు లోపల పండగ్గా ఉంది. మూడో డ్రమ్ము సగంలో ఉండగా బండి నెమ్మదించి ఆగింది.

"అయిపోయిందా తమ్మీ?" అన్నాను, చాలా మెత్తగా.

"రెండు గంటలు ఆగుదాం అన్నా. మోటరు షెడ్డుల పెడ్త, నిండుతది."

"యార్డుకు పోయే సరుకు. ఆగుడేంది" అని నేను అప్పటికే నా బండి ఎక్కాను. అతని బండిని మోటరు షెడ్డు వైపు తోయించి, నాది తగిలించి స్టార్ట్ చేశాను. కల్లమంతా దద్దరిల్లింది. పిట్టలు లేచాయి. మళ్లీ నేను పెద్దల్లుణ్నయ్యాను.

మామ మంచం దిగి నా దగ్గరికి వచ్చాడు. నా వైపు చూసి ఏదో అన్నాడు. పెదాలు కదలడం కనిపించింది. ప్రతి ఏడూ ఇంతే. ఆయన దగ్గరికొచ్చి ఏదో అంటాడు, డ్రమ్ము బాగా నడుస్తోందా అని కాబోలనుకుని నేను తలూపుతాను, ఆయన వెళ్లిపోతాడు. ఈసారీ తలూపాను. ఆయన వెనక్కి తిరిగాడు.

పొద్దుటి నుంచి ఆయన మాటలు వింటూనే ఉన్నాను. అన్నీ ఇంకొకడితో. నాతో అన్న ఈ ఒక్క మాటా పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. సగం డ్రమ్ములో ఎన్నడూ ఆపనివాణ్ని, తీగ లాగి ఇంజన్ ఆపేశాను.

"ఏందన్నవ్ మామా?"

ఆయన ఆగి, ఆశ్చర్యంగా చూశాడు.

"చాయ్ తాగినవా అన్న. తాగిన అని తలూపితివి గద."

"ఎప్పుడూ గిదే అడుగుతవా?"

"ఏటేటా అడుగుత. ఏటేటా తాగిన అంటవ్." వెళ్లి మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. "పెద్దల్లునికి మనింట్ల చాయ్ నచ్చదేమో అనుకున్న."

ఆయన ఇంట్లోకి కేకేశాడు. మరదలు చాయ్ తెచ్చింది. మామ జరిగి మంచం మీద చోటిచ్చాడు. "గా ఇంజన్ ఇప్పుడే స్టార్ట్ చెయ్యకు. జరసేపు కూసో. నీ డ్రమ్ము నేనొచ్చి జూసినప్పుడల్లా నీకొక ముచ్చట చెప్పాలనుకుంట..." అని మొదలుపెట్టాడు.

అతని బండి మోటరు షెడ్డు దగ్గర వైరు తగిలించుకుని నిలబడి ఉంది. మామ చెబుతుంటే వింటూ, నా ఇంజన్ మళ్లీ స్టార్ట్ చెయ్యాలనిపించక షడ్డకుణ్ని పిలిచి అడిగాను.

"తమ్మీ, గది నిండనీకి ఇంకెంత సేపు పడ్తది?"