వహాబ్ కాలు, గుల్నాజ్ కోపం

గుల్నాజ్‌కు కోపమొస్తే మేడ్చల్ పాత బజారు మొత్తానికీ తెలిసేది. అంత గొంతు ఆమెది. ఆ గొంతులో ముప్పావు వంతు మొగుడు వహాబ్ మీదే ఖర్చయ్యేది. అయ్యో పాపం అనకండి, అతను అందుకు తగినవాడే.

వహాబ్‌ది తాత నాటి మటన్ దుకాణం. చెక్క పీట మీద కూర్చుని, కుడికాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య కత్తిని నిలువుగా బిగించి, మాంసాన్ని రెండు చేతులా పట్టి ఆ కత్తికేసి లాగేవాడు. చూసేవాళ్లకు ఒళ్లు జలదరించేది గానీ ముక్కలు మాత్రం ఒకే తీరున పడేవి. గుండ్లపోచంపల్లి నుంచి కూడా జనం వెతుక్కుంటూ వచ్చేవారంటే ఆ కాలి పనితనమే కారణం.

చేతుల నిండా కొవ్వూ నెత్తురూ. బీడీ తాగాలనిపిస్తే తనంతట తాను ముట్టించుకోలేడు. ఎదురుగా నిలబడ్డవాడే వెలిగించి పెదాల మధ్య పెట్టాలి. ఆ దుకాణంలో అదొక మర్యాద. ముందు వహాబ్ నోట్లో బీడీ, తర్వాతే కిలోనా, అరకిలోనా అన్న మాట. ఈ మర్యాద అందరికంటే ఎక్కువ చేసినవాడు జంగయ్య. షామీర్‌పేట వైపు ఊళ్లలో మేకలు కొని తెచ్చి ఇచ్చేవాడు, వహాబ్‌కు చిన్ననాటి దోస్తు.

2010 చలికాలంలో ఆ కుడికాలు చల్లబడింది. నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసేది. బొటనవేలు నల్లబడి, పక్కన పుండు పడి మానలేదు. కత్తి పట్టు జారిపోయేది. పట్నంలో పెద్ద దవాఖాన డాక్టరు చూసి, బీడీ పొగకు కాలి రక్తనాళాలు మూసుకుపోయాయన్నాడు. ఆపరేషన్‌తో బాగుచేసే వీలు లేదు, మోకాలి కింద తీసేయాలన్నాడు.

“తీసేస్తే కత్తి దేంతోని పడ్తడు సార్?” అని గుల్నాజ్ గద్దించింది. డాక్టరు తెల్లమొహం వేశాడు. అప్పుడామె వహాబ్ చేత చెప్పు విప్పించి, ఆయన బల్ల మీది పెన్నును ఆ వేళ్ల మధ్య పెట్టి మరీ చూపించింది.

ఆయన ఆ పాదాన్ని మళ్లీ పరీక్షించి ఇంకో దారి చెప్పాడు. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని మూలకణాలను వేరుచేసి, పిక్క కండలోకి సూదులతో ఎక్కిస్తారు. సన్నటి కొత్త నాళాలు మొలవచ్చు, మొలవకపోవచ్చు. ఇంకా పరిశోధనలో ఉన్న వైద్యం. ఒక మనిషికి ఒక్కసారే చేస్తారు. “తర్వాత బీడీ పొగ తగిలిందో, ఇక నేనేమీ చేయలేను” అన్నాడు.

“ఇన్నేండ్లు మందికి మూలుగ బొక్కలు కొట్టిచ్చిన. ఇగ నా బొక్క నేనే కొట్టిచ్చుకోవాల్నా?” అని వహాబ్ నవ్వాడు. గుల్నాజ్ నవ్వలేదు.

సూదులు పడ్డాయి. కొన్ని నెలలకు పుండు ఎండింది, పాదం వెచ్చబడింది. ఒకరోజు వేళ్ల మధ్య కత్తి బిగించి, “ఇనుము సల్లగ తగుల్తాందే!” అని వహాబ్ కేక పెడితే గుల్నాజ్ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వీధిలో అందరికీ సేమ్యా పాయసం పంచింది. బీడీ మాటెత్తితే మొగుడు చెవులు పట్టుకుని తోబా తోబా అనేవాడు. నమ్మింది.

ఏడాది తిరక్కుండానే మళ్లీ మొదలైంది. కాలు మంచం మీంచి కిందికి వేలాడేసుకుని మూలగడం, అడిగితే “సలికాలం గదా” అనడం. గుల్నాజ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుడి మీద కాదు, దవాఖాన మీద. మర్నాడే ఒంటరిగా బస్సెక్కి వెళ్లి డాక్టరును దులిపేసింది.

“సూదులల్ల నీళ్లు గిన పోసిండ్రా సార్? గరీబోల్లమని ఆట పట్టిస్తున్రా?”

డాక్టరు మెల్లగా, “బీడీ మానేశాడా అమ్మా?” అన్నాడు.

“మానిండు! నా పిల్లల మీద ఒట్టు!”

“ఇంటికెళ్లి ఇంకోసారి కనుక్కోండి.”

దారి పొడవునా డాక్టరును తిట్టుకుంటూనే వచ్చింది. మేడ్చల్‌లో బస్సు దిగి, ఇంటికి పోకుండా నేరుగా దుకాణానికి నడిచింది. జంగయ్య బీడీ వెలిగించి, తానో దమ్ము లాగి, దాన్ని వహాబ్ పెదాల మధ్య పెడుతున్నాడు. వహాబ్ కళ్లు మూసుకుని హాయిగా పీల్చాడు.

“నా పిల్లల మీద ఒట్టు పెట్టొచ్చిన ఆడ! సిగ్గులేని మనిషీ!”

బజారు ఆగిపోయింది. జంగయ్య నసిగాడు. “ఒక్క దమ్ముకు ఏమైతది భాబీ? మనిషి పరేషాన్ల ఉన్నడని ప్రేమతోని పెట్టిన.”

“గంత లొల్లెందుకే?” వహాబ్ బీడీ పంటి కింద నొక్కిపెట్టే అన్నాడు. “కాలు నాది, నొప్పి నాది. దోస్తు పెడ్తే ఉమ్మెయ్యాల్నా?”

గుల్నాజ్ లాగి ఒక్కటి పీకింది. బీడీ ఎగిరి అతని కుడిపాదం మీద పడి, బొటనవేలి పక్కన ఇరుక్కుంది. వహాబ్ ఆగలేదు. “బజార్ల మొగోన్ని కొడ్తవా? నీకు శానా ఎక్కువైంది” అని అరుస్తూనే ఉన్నాడు. బీడీ కొస ఎర్రగా కణకణమంటోంది. చర్మం కాలిన వాసన వచ్చింది. అతను అరుస్తూనే ఉన్నాడు.

“భాయ్, కాలు...” అన్నాడు జంగయ్య.

“కాలు కాలు అని అందరు నా పానం తీస్తున్రు!”

గుల్నాజ్ వంగి బీడీని పీకి పారేసింది. ఆమె వేళ్లు చుర్రుమన్నాయి. అప్పుడు చూసుకున్నాడు వహాబ్. కాలిన చోటును వేలితో నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

“నాకు తెల్వలేదే” అన్నాడు.

గుల్నాజ్‌కు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. అగ్గిపెట్టె పట్టుకుని బొమ్మలా నిలబడ్డ జంగయ్య వైపు తిరిగింది.

“ఏం సూస్తున్నవ్? ఎత్తుకో. దవాఖాన దాకా నువ్వే మొయ్యి. ఆడ ఇగ కాలు తీసుడే అంటరు. తీసేటప్పుడు పక్కన నిలబడు, ప్రేమతోని.”

జంగయ్య ఏడుస్తూ వంగి, దోస్తును వీపు మీదికి ఎత్తుకున్నాడు.