ఏడున్నర లెక్కల క్లాసు

అంజన్ ఇంజనీరింగులో చేరిన డెబ్బై ఒకటిలో, హైదరాబాదు శాలిబండలో వాళ్ళింటి వెనక కొట్టంలో ఐదు బర్రెలుండేవి. తండ్రి పోయాక అన్న బుచ్చయ్యే పెద్దదిక్కు. వాడుకగా పాలు తీసుకునేవాళ్ళు పొద్దున ఏడున్నర దాకా చెంబులతో వచ్చి, కళ్ళముందు పిండితేనే తీసుకునేవారు. అందులో ఒక బర్రె అంజన్ చేతికి తప్ప ఎవరికీ చేపేది కాదు, పాలు వదిలేది కాదు. బుచ్చయ్య కూర్చుంటే తన్నేది.

కాలేజీలో క్యాల్‌క్యులస్‌కు రెండు క్లాసులు పెట్టారు. పొద్దున ఏడున్నరకు బాబురావు సారుది; ప్రతి సూత్రాన్నీ మొదటినుంచి రాబట్టి చూపేవారు. మధ్యాహ్నం రెండు గంటలది తెలుగు మీడియం పిల్లల కోసం. సూత్రాలు బట్టీ పట్టించి గట్టెక్కించేది. శనివారంలోగా ఏదో ఒకదాంట్లో పేరు రాయాలి. తర్వాత మార్చుకోవడం కుదరదు.

మధ్యాహ్నం క్లాసులో అంజన్ లేచి, ఒక సూత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాడు. పరీక్షలో అది రాదు, కూర్చోమన్నారు అక్కడి సారు. మర్నాడు అన్నకు చెప్పకుండా పొద్దుటి క్లాసుకు పోయాడు. అదే సూత్రం బోర్డు మీద ఒక్కో వరుసే తేలుతుంటే గుళ్ళో తెర తీసినట్టు అనిపించింది. ఆ సంతోషంలో ఉండగానే సారు వాణ్ణి నిలబెట్టారు.

"తెలుగు మీడియమా? నీకు రెండింటి క్లాసుంది. ఇక్కడ నీకోసం ఎవడూ ఆగడు."

క్లాసంతా నవ్వింది. పక్కనున్న పిల్లవాడు మాత్రం నవ్వకుండా తన నోట్సు ఇటు జరిపాడు.

ఇంటికొచ్చేసరికి బుచ్చయ్య వాకిట్లోనే ఉన్నాడు. ఆ పొద్దు ముగ్గురు ఖాళీ చెంబులతో తిరిగిపోయారట.

"పగటి క్లాసుల కూసుంటే సస్తవా? పొద్దుగాల కొట్టం ఎవడు జూస్తడు? సచ్చిన బాపు లేసొస్తడా?"

"గా క్లాసుల ఏదీ సమజయ్యేటట్టు చెప్పరన్నా."

"నాకు సమజైంది. పేడ ఎత్తుడు నీకు నామోషీ."

అంత మాటన్నాక అంజన్ అన్నం ముట్టలేదు. శనివారం పోయి ఏడున్నర జాబితాలోనే పేరు రాశాడు.

సోమవారం పొద్దున వాడు బయల్దేరుతుంటే వదిన నీలమ్మ అడ్డమొచ్చింది.

"నీ పాత అంగీ ఇచ్చిపో అంజన్. బర్రెకు నీ వాసన గావాలె గని నా మొగమెందుకు."

చీర మీద ఆ అంగీ తొడుక్కుని ఆమె ఆ తన్నే బర్రె దగ్గర పాలు పిండడానికి కూర్చుంది. బర్రె రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, మెల్లగా చేపింది. చెంబులవాళ్ళు నవ్వారు. బుచ్చయ్యకు అది తల కొట్టేసినట్టయింది. పెళ్ళాంతో నాలుగు రోజులు, తమ్ముడితో ఏడాదీ మాట్లాడలేదు.

బాబురావు సారూ మెత్తబడలేదు. వారానికోసారి బోర్డు దగ్గరికి పిలిచి, తప్పు చేస్తే గేదెలు కాసుకొమ్మనేవారు. అంజన్ చెరిపి మళ్ళీ రాసేవాడు. ఏడాది చివర నలభై రెండు మార్కులొచ్చాయి. నలభైకి పాసు.

ఆ కబురు విని బుచ్చయ్య మొదటిసారి నోరు విప్పాడు.

"రెండింటి క్లాసోళ్ళకు అరవై దాటినయంట."

"ఔనన్నా, దాటినయి," అన్నాడు అంజన్.

రెండో ఏడాదికి కూడా బాబురావు సారు క్లాసులోనే పేరు రాసి వచ్చిన సంగతి వాడింకా చెప్పలేదు. ఎట్లా చెప్పాలా అని గడ్డిమోపు విప్పుతూ నిలబడ్డాడు.