గఫార్ మిల్లీమీటర్లు

పెనుకొండ గఫార్‌ను ఏమడిగినా, ఆకాశంలో ఎన్ని మిల్లీమీటర్ల నీళ్లున్నాయో చెప్పేవాడు. బాగున్నావా అన్నా అదే, అన్నం తిన్నావా అన్నా అదే. ఒకసారి బస్టాండులో ఎవరో ధర్మవరం బస్సు సంగతి అడిగితే "ముప్పై రెండు" అన్నాడట. పాపం ఆ మనిషి ముప్పై రెండో నంబరు బస్సు కోసం మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు.

తప్పు నాదే. 2005లో మా వాతావరణ ఆఫీసు తరఫున హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల్లో జీపీఎస్ రిసీవర్లు పెట్టించి, పెనుకొండ దానికి అతన్ని వాచ్‌మన్‌గా వేసింది నేనే. గాలిలో తేమ పెరిగితే ఉపగ్రహం సిగ్నలు రవ్వంత ఆలస్యంగా దిగుతుంది. ఆ ఆలస్యాన్ని బట్టి పైన ఎన్ని నీళ్లున్నాయో కంప్యూటరు లెక్కగడుతుంది. ఆ అంకె గఫార్ కంట పడింది, ఇంకేముంది.

మా సీమలో నీళ్లు పైన ఉండటం వేరు, కింద పడటం వేరు. అవి ఎప్పుడు దిగుతాయని జనం ఏడిపిస్తే గఫార్ మీసం దువ్వేవాడు.

"కొలిచేదే నా డ్యూటీ. దించేది కాదు."

తహసీల్దారు అడిగినా అదే జవాబు, అదే మీసం.

నవంబరులో ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. సరిగ్గా అప్పుడే పెనుకొండ రిసీవరు మూగబోయింది. ఏడాదంతా ఎదురుచూసిన వానకు అంకెల్లేవు. ఒళ్లు మండి బండి మీద వెళ్లాను. బ్యాటరీలు తడిసిపోయాయి, వాటి మీద కప్పే టార్పాలిన్ పట్ట లేదు, గఫారూ లేడు.

పట్ట పక్క చేనులో, తిమ్మక్క చెనక్కాయ కుప్ప మీద ఉంది. మొగుడు పోయాక ఆమె ఒంటిచేత్తో పండించిన పంట అది. మళ్లీ ఏటికి విత్తనమూ అందులోనే. గఫార్ తడిసి ముద్దై పట్ట అంచు పట్టుకుని నిలబడ్డాడు.

ఎవరినడిగి తెచ్చావన్నాను.

"అడిగేంత టైము యాడుండాది సార్? యాభై మూడు!"

తిమ్మక్క అడ్డం వచ్చింది. "నలభై దాటితే చాలు సామీ, పట్ట ఎత్తుకొని వస్తాడు. ఈ పదైదు దినాల్లో ఆరుసార్లు కప్పినాడు, చుక్క పడలేదు. కాయలు ఉడికిపోతాయని నేనే తిట్టి పంపిస్తాంటి."

ఉద్యోగం పోతుందని బెదిరించి సంజాయిషీ రాయమన్నాను. అతను తల దించలేదు, కాగితం మాత్రం అడిగి తీసుకున్నాడు.

"నీళ్లు దించేది నా డ్యూటీ కాదు. దిగేటప్పుడు చూస్తా కూర్చునేదీ నా డ్యూటీ కాదు. మళ్లీ నలభై దాటితే మళ్లీ పట్ట తీస్తాను. ఇట్లు, గఫార్."

సంజాయిషీ సంతృప్తికరమని సంతకం పెట్టి, ఆఫీసుకు రెండు పట్టలు కావాలని రాశాను. రెండెందుకు అన్న గడిలో, ఒకటి బ్యాటరీలకు, ఒకటి మిల్లీమీటర్లకు అని నింపాను.